పొగగొట్టానికి కళాయి

మోటారు సైకిలు ఎక్కి తిరగడానికి పనికొచ్చే వస్తువని మీతో ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకు మోటారు సైకిలు గురించి బొత్తిగా తెలియదన్నమాట. అది తోముకోవడానికి పనికొచ్చే వస్తువు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. యుద్ధం ముగిసిన దగ్గర నుంచి మిలిటరీవాళ్ళు వదిలించుకున్న మోటారు సైకిళ్ళు మద్రాసు నుంచి మన జిల్లాకు కూడా వచ్చి పడుతున్నాయి. తిరుపతిలో ఒకటి నా పాలబడింది. లేదా నేను దాని పాలబడ్డాను, ఎలాగైనా అనుకోండి. దాన్ని ఆకురాయితో రాకీ, గరుకు కాగితంతో రుద్దీ, గుడ్డతో తుడిచీ నేను గ్రహించిన సత్యం ఒకటుంది. ఇంట్లో మోటారు సైకిలూ, చేతిలో గుడ్డపీలికా ఉన్న మగవాడికి ఇక వేరే బాధ్యత ఏదీ కంటికి ఆనదు. ఇంతకన్నా వరం ఏం కావాలి?

లాభాలు చెబుతాను, వినండి. సర్కారువారు పెట్రోలుకు కూపన్లు పెట్టి చుక్క చుక్కా కొలిచి పోయిస్తున్నారు కదా! మెరుగు పెట్టుకునే బండి చుక్క కూడా తాగదు. దేశానికి నేను చేస్తున్న ఈ సేవను ఇంతవరకు ఒక్క పత్రికా గుర్తించలేదు. పోనీండి, నాకు పేరాశ లేదు.

గడ్డం గీసుకోవడానికి అద్దం అక్కర్లేదు. నేను హెడ్‌లైటు ముందు చాపేసుకుని గీసుకుంటాను. అందులో నా ముఖం గుమ్మడికాయంత కనిపిస్తుంది. గడ్డం అంతా దొరుకుతుంది.

అన్నిటికన్నా పెద్ద లాభం తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. స్వామి దర్శనానికి వచ్చే బంధువులు మనింట్లో దిగుతారు. దిగినవాళ్ళు అలిపిరి దాకా దింపమనరా? పిల్లల్ని బండి పక్కన తగిలించిన సైడుకారులో ఊరంతా తిప్పమనరా? "అయ్యో, దింపేవాణ్ణే! ఇంకా ఫినిషింగు కాలేదు!" అంటే చాలు. ఫినిషింగు అనే ఇంగ్లీషు మాట వినగానే మా పెదమామగారి లాంటివారు కూడా గౌరవంగా జట్కా మాట్లాడుకుంటారు.

ఈ విద్య నాకెలా అబ్బిందని అడుగుతారేమో! ఇది నా సొంత ప్రతిభ కాదు, రక్తంలో ఉంది. ఉత్సవాలకు ముందు గుళ్ళో వాహనాలు తోమి మెరుగు పెట్టే కైంకర్యం మా వంశానిది. గరుడవాహనం రెక్కల్లో ఈక ఈకకూ సందు సందుకూ చింతపండు పులుసు పట్టించి, నామం పెట్టుకునే తిరుమణి మట్టితో రుద్ది వెండిని వెండిగా నిలబెట్టినవాళ్ళు మా తాతలు. నేను గుడి ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్నా చేతులకు ఆ దురద పోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మా ఇంట్లో వాహనం అంటే తనంతట తాను కదిలేది కాదు. మనం మెరిపించాలి, మోసేవాళ్ళు మొయ్యాలి, ఊరు చూసి దణ్ణం పెట్టుకోవాలి. అందువల్ల వాహనం అనే మాట వినబడగానే నా చెయ్యి గుడ్డ కోసం వెతుకుతుందే తప్ప నా కాలు కిక్కరు కోసం వెతకదు. ఇందులో నా తప్పేముంది?

అసలు మోటారు సైకిలు ఎందుకు కొన్నానో చెప్పలేదు కదూ? నా భార్య పద్మాక్షి కోసం. ఆవిడ టీచరు ట్రైనింగు ప్యాసయింది. బడిలో పాఠం చెప్పాలని ఆవిడకు ప్రాణం. ఇంట్లో చెంబులకూ తపేలాలకూ పాఠం చెప్పి చూసుకునేది, నేను గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. బాగా చెబుతుంది. పిల్లలెవరైనా వింటే ఇంకా బాగా చెబుతుందనిపించేది.

నేను సంస్కారవంతుణ్ణి కనుక మా వీధి వీధంతా వినేలా ప్రకటించాను. "మా ఆవిడ ఉద్యోగం చేస్తుంది! ఏ ఊళ్ళో బడి వచ్చినా సరే, మోటారు సైకిలు మీద నేనే దింపుతాను!" అని. వీధివాళ్ళు నన్ను చూసి ముక్కున వేలేసుకున్నారు. అలా వేలేసుకోవడం నాకెంతో నచ్చింది.

పద్మాక్షికి ఒక్కటే ఇబ్బంది. ఇల్లు దాటి ఎక్కడికీ ఒంటరిగా పోయి ఎరగదు. పెద్ద ఉద్యోగస్థుల ముందు నిలబడితే గొంతు పూడుకుపోతుంది. ట్రైనింగు పరీక్షప్పుడు కూడా నేను వరండాలో కూర్చుని ఉండాల్సి వచ్చింది. "పక్కన మీరుంటే సాలు, ఏ ఆఫీసుకైనా వస్తాను" అనేది. ఉండకపోవడమేమిటి? దానికే కదా సైడుకారున్న బండి కొన్నది!

బండి కొన్నానన్నాను గాని, కొన్నది బండి కాదు. మూడు చచ్చిన బళ్ళ ఎముకలు. వాటిని ఒక్కటిగా కూర్చినవాడు ఎల్లప్ప. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పని చేసి వచ్చి, అలిపిరి పోయే దారిలో రేకుల కొట్టం వేసుకున్నాడు. చేతిలో మంచి పనితనం ఉంది. మనసులో పచ్చరంగు మీద పట్టరాని కసి ఉంది.

"యుద్ధం అయ్యేదాకా ఇనుముకు పచ్చరంగు పూసి పూసి నా కండ్లు పచ్చబడినాయి సామీ!" అన్నాడు మొదటి రోజే. "మీ బండికి ఆ రంగంతా గీరి పారేస్తా. ఇనుము ఇనుము మాదిరి కనబడల్ల!"

నాలాంటివాడికి అలాంటివాడు దొరకడం పూర్వజన్మ సుకృతమా, పాపమా? మీరే చదివి తేల్చండి.

ఎల్లప్ప బండి కూర్చాడు. కిక్కరు మీద కాలు వేసి ఒక్క తొక్కు తొక్కాడో లేదో, ఇంజను గుర్రుమంది! పద్మాక్షి వచ్చి సైడుకారులో కూర్చుని చూసుకుంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"బాగుండాదండీ. ఇంక పోవచ్చు గదా?" అంది.

నేనూ ఎల్లప్పా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పోవడమా? మడ్‌గార్డు అంచు గరుగ్గా ఉంటే? హ్యాండిల్ బారు మీద పాత నికెలు పొట్టు పొట్టుగా లేచి ఉంటే? ఆడవాళ్ళకు బొత్తిగా ఓపిక ఉండదు.

ఆ పూట మొదలైన పని ఇంతింత అని చెప్పలేను. రంగు గీరాం. కింద బయటపడ్డ తుప్పు గీరాం. తుప్పు కింద బయటపడ్డ గుంటల్ని ఆకురాయితో రాకాం. ఆకురాయి గీతలు పోవడానికి గరుకు కాగితంతో రుద్దాం. ఆ కాగితం గీతలు పోవడానికి ఇంకా సన్న కాగితంతో రుద్దాం. ఈ లెక్కన ప్రతి మెరుగూ కింది మెరుగును తప్పు పడుతుంది కనుక, పని అనేది ఎప్పటికీ అయిపోదు. దీనిలోని వేదాంతం మీకు అందిందా?

బ్రేకు కడ్డీ మొద్దుగా ఉందని దాన్ని రాకి రాకి హంస మెడ చేశాం. హంస మరీ నాజూకైపోయి, తొక్కగానే మెడ వంచేసింది. మరో కడ్డీ తెచ్చి ఈసారి బాగా తిని బలిసిన హంసను రాకాం. గేరు కడ్డీ చివర తామరమొగ్గ దిద్దాం. పెట్రోలు ట్యాంకుకు సరైన మూత దొరకలేదు, మా ఇంటి ఇత్తడి కూజా మూత దానికి అతికినట్టు సరిపోయింది. అప్పటి నుంచి మా కూజాలో ఈగలు పడుతున్నాయి. కళ కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా?

ఇంజను పెట్టె సత్తుది. దాన్ని నేను మా ఇంటి పద్ధతిలో కట్టెల బూడిదతో తోమాను. తెల్లగా ఉన్నది కాస్తా బాణలి అడుగులా నల్లబడింది! సత్తుకు బూడిద పడదని నాకప్పుడే తెలిసింది. నిమ్మకాయలు తెచ్చి మళ్ళీ తెలుపు చేసుకున్నాం. వీధిలో నిమ్మకాయలు ఖాళీ అయ్యాయి. హెడ్‌లైటు గిన్నెకు మాత్రం తిరుమణి మట్టే. ఇంట్లో మట్టి అయిపోయి నా నొసటి మీద నామం గీతలా సన్నబడింది. మా ఆఫీసులో పెద్దాయన నన్ను పిలిచి, "ఏమయ్యా, మతం మార్చుకుంటున్నావా?" అని అడిగాడు.

పద్మాక్షి మధ్యాహ్నాలు మజ్జిగ తెచ్చిచ్చి, మేం రుద్దుతుంటే కాసేపు చూసి పోయేది. మొదట్లో "ఎప్పటికి అవుతుందండీ?" అని అడిగేది. తరవాత అడగడం మానేసింది. ఆవిడకు కూడా పని మీద గౌరవం కలిగిందని నేను సంతోషించాను.

అంతలో చిత్తూరు జిల్లా బోర్డు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సోమవారం పొద్దున ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారు టీచర్ల పనికి ఎంపిక చేస్తారట, పద్మాక్షి హాజరు కావాలట. ఆ మాట వినగానే ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను పరుగున కొట్టానికి పోయి ఎల్లప్పతో, "ఇంక మనకు ఆదివారం దాకానే టైము!" అన్నాను.

"రైలుండాది గదండీ," అంది పద్మాక్షి ఆ సాయంత్రం. "పాకాల మీద పోతాది. పొద్దున్నే ఎక్కితే ఆఫీసు తెరిసేలోగా దిగచ్చు."

"రైల్లో అందరూ పోతారు," అన్నాను.

"అందరూ పోయేదానికే గదా రైలుండేది?"

నేను చిరునవ్వు నవ్వాను. చిత్తూరు ఆఫీసు ముందు మన బండి ఆగితే జనం ఎలా మూగుతారో, గుమాస్తాలు కిటికీల్లోంచి ఎలా తొంగి చూస్తారో, ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారు ఆ మెరుపు చూసి అభ్యర్థురాలి తెలివితేటల్ని ఎలా అంచనా వేస్తారో వివరించాను. ఆవిడ అంతా విని, "నా పక్కనే ఉంటారు గదా?" అని మాత్రం అడిగింది. ఉంటానని చేతిలో చెయ్యి వేశాను.

అన్నీ మెరిశాయి. పొగగొట్టం ఒక్కటే మెరవలేదు. ఇంజను మెడ దగ్గర మొదలై బండి పక్కనే వెనక దాకా పోయే ఆ గొట్టం ఎంత రుద్దినా తుప్పు మచ్చలతో ఎలుగుబంటి ముంగాలిలా కనిపిస్తోంది. నికెలు పూత పూయించాలంటే మద్రాసు పోవాలి. ఆదివారం వచ్చేసింది.

"ఈ గొట్టంతో మీరు సిత్తూరుకు పోతే నా పరువు ఏం గావల్ల సామీ?" అని ఎల్లప్ప తల పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వీధిలో "కళాయీ! గిన్నెలకు కళాయీ!" అని కేక వినబడింది. కళాయి వేసే శాంతయ్య! నా బుర్రలో మెరుపు మెరిసింది. బండి మెరుగంతా ఒక ఎత్తు, ఆ మెరుపు ఒక ఎత్తు.

"గుడి వంటింట్లో గుండిగలు చూశావా ఎల్లప్పా? పొద్దుగూకులూ పొయ్యి మీదే ఉంటాయి. ఏనాడైనా కళాయి కరిగిందా?"

"ల్యాదు, సామీ!"

"పొయ్యికే కరగని కళాయి పొగకు కరుగుతుందా?"

ఎల్లప్ప కళ్ళు తడి అయ్యాయి. ఇంత తర్కం మిలిటరీలో కూడా వినలేదన్నాడు. శాంతయ్యను పిలిచి గొట్టం చూపిస్తే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టి, వేలితో కొట్టి చూశాడు.

"గుండిగలకు ఏసినా, అండాలకు ఏసినా, సర్చిలో గిన్నెలకు గూడా ఏసినా," అన్నాడు. "పొగగొట్టానికి ఎయ్యమన్న మహానుభావుడు మీరొక్కరే సామీ! ఎట్లుంటాదో సూద్దారండి!"

గుంట తవ్వాడు. బొగ్గులు పోసి తిత్తి ఊదాడు. ఎర్రగా కాగిన గొట్టం మీద నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క రుద్దు రుద్దాడు. ఏం చెప్పమంటారు? గొట్టం వెండి అయిపోయింది! మేం ముగ్గురం దాని మీదికి వంగాం. కాగే గొట్టం మీద ఆ తగరం నీళ్ళలా పారడం మా ఆరు కళ్ళతో చూశాం. వేడికి తగరం పారుతుందని మా ఎదురుగానే రుజువవుతోంది. ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తలకెక్కలేదు. అందం ముందు అదేం కనిపిస్తుంది?

సోమవారం తెల్లవారగానే బయల్దేరాం. పద్మాక్షి ఆకుపచ్చ నూలుచీర కట్టుకుని, సర్టిఫికెట్లు గుడ్డసంచిలో పెట్టుకుని, సంచిని గుండెలకు పొదువుకుని సైడుకారులో కూర్చుంది. మా వీధివాళ్ళు అరుగుల మీద నిలబడి చూశారు. ఒక ముసలావిడ అలవాటు చొప్పున చేతులు జోడించింది. నాకా, బండికా అని నేను ఆరా తియ్యలేదు.

బండి ఎంత బాగా పోయిందనుకున్నారు! ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఎల్లప్ప కూర్చిన ఇంజనులో చిన్న దగ్గు కూడా లేదు. చంద్రగిరి దాటాం. గాలి చల్లగా ఉంది. పద్మాక్షి పెదవులు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటోంది. నేను వంగి వంగి పొగగొట్టంలో దారి పక్క చింతచెట్ల నీడలు చూసుకుంటూ నడుపుతున్నాను.

పూతలపట్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా నా పంచె మీద ఏదో చురుక్కుమంది. చూస్తే రూపాయి బిళ్ళంత చిల్లు. మళ్ళీ ఒక చుక్క వచ్చి నేను నిమ్మకాయతో తోముకున్న ఇంజను పెట్టె మీద పడి అతుక్కుంది. కళాయి కారుతోంది! మెడ దగ్గర గొట్టం నీలంగా తేలింది, నడుమ మచ్చలు పడ్డాయి, చివర మాత్రం ఇంకా వెండిలా ఉంది. బొల్లి వచ్చిన ఏనుగు తొండం ఎలా ఉంటుందో నేను చూడలేదు గాని, ఇంచుమించు అలా ఉండాలి.

పూతలపట్టు కూడలిలో బండి ఆపేశాను. మళ్ళీ చెబుతున్నాను, బండి ఆగిపోలేదు. నేను ఆపాను.

పద్మాక్షి దిగి వచ్చి చూసింది. "ఒట్టి గిన్నె పొయ్యి మీద పెట్టినట్టుండాదండీ," అంది మెల్లగా. "లోపల నీళ్ళుంటే గదా కళాయి నిలిచేది."

ఈ ముక్క నిన్న నువ్వే ఎందుకు చెప్పలేదని కసురుకున్నాను. నిన్న నన్ను ఎవరడిగినారని ఆవిడ అనలేదు. "పోనీండి, నడుస్తాది గదా, పోదాం రండి," అంది.

పోవడమా? ఈ గొట్టంతోనా? చిత్తూరులో కిటికీల్లోంచి చూసే గుమాస్తాలకు నా ముఖం ఎలా చూపించను? మిగిలిన కళాయి కూడా ఒక్కరీతిగా గీకేస్తే కనీసం ఇనుము ఇనుములా ఉంటుంది. అయితే గొట్టం చల్లారాలి. కూడలిలో ఇడ్లీ అంగడి పెట్టుకున్న గంగులమ్మను పొయ్యిలో బూడిదా, గుప్పెడు కొబ్బరి పీచూ అడిగాను.

"ఏం సామీ, మీ ఊర్లో బండ్లకు గూడా అంట్లు తోముతారా?" అంటూ ఆవిడ చేటలో బూడిద తెచ్చి పెట్టింది. ఇడ్లీలు తింటున్నవాళ్ళంతా ఆకులు చేత్తో పట్టుకుని వచ్చి చుట్టూ మూగారు. పొద్దు పైకి వస్తోంది. పద్మాక్షి ఒకసారి ఎండ వైపూ, ఒకసారి దారి వైపూ చూస్తోంది.

అప్పుడు వచ్చింది బస్సు. వెనక బొగ్గుల కొలిమి తగిలించుకుని, ఆ గ్యాసుతో నడిచే బస్సు. ఒంటి నిండా మసి. అద్దాలు లేవు. ఒక పక్క రేకు ఊడి తాడుతో కట్టి ఉంది. దాన్ని తోమాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో మా తాతలకు కూడా తోచదు. కండక్టరు మునస్వామి సగం బయటికి వేలాడుతూ, "సిత్తూరు! సిత్తూరు! ఈడ రెండు సీట్లుండాయి, రాండప్పా!" అని అరిచాడు.

"ఏమండీ, రెండు సీట్లుండాయంట," అంది పద్మాక్షి. "రాండి, పోదాం. బండి ఈడనే ఉండనీండి, గంగులమ్మ చూసుకుంటాదంట."

నేను గొట్టం మెడ దగ్గర పీచుతో రుద్దుతున్నాను. అప్పుడే అక్కడ కాస్త దారికి వస్తోంది. "నువ్వు ఎక్కు, నేను వెనకే వచ్చేస్తాను. ఇదిగో, ఈ ఒక్క మచ్చ," అన్నాను.

"ఒక్కదాన్నేనా?" అంది.

"ఎంతసేపు! బస్సు కన్నా ముందే అక్కడుంటాను చూడు!"

ఆవిడ బస్సు వైపు నడిచింది. సంచి గుండెలకు అదుముకుని బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. బస్సు మసి కక్కుకుంటూ పోయింది. నేను మచ్చ రుద్దాను.

ఒక్క మచ్చ పోతే దాని పక్క మచ్చ ఎక్కువగా కనిపిస్తుందన్న సంగతి మీకిదివరకే మనవి చేశాను. గొట్టమంతా ఒక్కరీతికి వచ్చేసరికి గంగులమ్మ ఇడ్లీ పాత్రలు కడిగి, అన్నం వండే పనిలో పడింది. నేను చిత్తూరు చేరేసరికి ఆఫీసులో ఎంపిక ముగిసి, జనం గేటు దాటుతున్నారు. నేను ఆశించినట్టే బండి చుట్టూ చాలామంది మూగారు. గుమాస్తాలు నిజంగానే కిటికీల్లోంచి తొంగి చూశారు. వాళ్ళ మధ్య నుంచి పద్మాక్షి వచ్చింది. చీరకు మసి, చెంపకు మసి.

"వచ్చిందండీ!" అంది. "ఉద్యోగం వచ్చింది! సత్యవేడులో!"

గేటు పక్కన నిలబడి ఆవిడ చెప్పిన కథ ఇది. వచ్చిన ఆడపిల్లలందరి పక్కనా ఎవరో ఒక మగవాడు ఉన్నాడట. నాయనో, అన్నో, పెనిమిటో. ఇన్‌స్పెక్ట్రెస్ అమ్మగారు ఏ ప్రశ్న వేసినా ఆ మగవాడే జవాబు. పాఠం ఎలా చెబుతావమ్మా అంటే కూడా మగవాడే జవాబు! సత్యవేడు బడిలో చాలాకాలంగా టీచరమ్మ లేదు, పోతారా అంటే, దూరమండీ, అరవదేశం అంచు అండీ, ఒంటరిగా ఎట్లా పంపేదండీ అని వాళ్ళే అన్నారట. అమ్మగారికి విసుగు పుట్టింది. చివరికి పద్మాక్షి వంతు వచ్చింది.

"నీతో ఎవరొచ్చినారమ్మా అని అడిగినారండీ," అంది పద్మాక్షి. "ఎవరూ రాలేదండి, ఒక్కదాన్నే వచ్చినాను అన్నాను. గొంతు పూడుకుపోతాదేమో అనుకున్నాను. పోలేదు. అమ్మగారు కలం కింద పెట్టేసి, మళ్ళీ సెప్పమ్మా అన్నారు. మళ్ళీ సెప్పినాను."

ఆవిడ చెబుతున్నంతసేపూ నేను గుడ్డతో హెడ్‌లైటు మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నానని ఇప్పుడు గుర్తు చేసుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. చేతుల అలవాటు.

సైడుకారు తలుపు తెరిచి, ఎక్కమన్నాను. ఆవిడ గొట్టం వైపు చూసింది.

"నేను రైల్లో వచ్చేస్తానండీ," అంది. "నన్ను కూర్చోబెట్టుకుంటే మీరు తొందరగా పోవాలని సూస్తారు. వేడెక్కితే మళ్ళీ మచ్చలొస్తాయి. మెల్లగా రాండి." కోపంతో అన్నదైతే నేను సంతోషించేవాణ్ణి. నిజంగానే నా గొట్టం మీద జాలితో అన్నది.

ఇక చెప్పండి, పాఠకులారా! నా వాదం రుజువైందా, లేదా? పొగగొట్టానికి కళాయి వేయించకపోతే అది కరిగేది కాదు. అది కరగకపోతే ఆఫీసులో పద్మాక్షి పక్కన నేను ఉండేవాణ్ణి. నా సంగతి మీకు ఇప్పటికి తెలిసిపోయింది కదా! ఆవిడ నోరు తెరవకముందే ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పి ఉండేవాణ్ణి. సత్యవేడు చాలా దూరమండీ, తిరుపతిలోనే చూడండి అని నేనే అని ఉండేవాణ్ణి. అమ్మగారు నన్నూ ఆ మగవాళ్ళ వరసలోనే కట్టి, వచ్చే ఏడు చూద్దాం పొమ్మని ఉండేవారు. మెరుగు పెట్టుకునే అలవాటు వల్ల ఒక ఇల్లాలికి ఉద్యోగం వచ్చిందంటే ఇంతకన్నా లోకకల్యాణం ఉంటుందా?

కాబట్టి మగవారలారా, మీరూ మోటారు సైకిళ్ళు కొనండి! తోమండి! మీ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎక్కడికైనా పోవలసి వస్తే ఆకురాయి చేతపట్టండి! వాళ్ళు దారి చూసుకుంటారు.

పద్మాక్షి ఇప్పుడు సత్యవేడులో ఉంటోంది. తాయమ్మ అనే ముసలావిడ ఇంట్లో ఒక గది తీసుకుంది. సెలవులకు వస్తుంది. ఒక బస్సు దిగి ఇంకో బస్సు, అది దొరక్కపోతే ఎద్దుబండో, రైలో. అరవం కూడా నేర్చుకుంది. బస్సుల వేళలు నాకన్నా బాగా చెబుతుంది. పెద్ద ఇన్‌స్పెక్టరు బడికి వస్తే ఎదురు ప్రశ్న వేసిందట. నేను దింపుతానని ప్రతిసారీ అంటాను. సైడుకారు మెట్టు అంచు ఒక్కటి రాకితే అయిపోతుందని కూడా అంటాను. "తీరిగ్గా కానీండి, తొందరేముండాది!" అంటుంది. అని, సంచి తీసుకుని పోతుంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు చెప్పలేను. చెంబులకూ తపేలాలకూ పాఠం చెప్పేవాళ్ళు లేరు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా వీధిలో వరలక్ష్మమ్మగారు అడిగింది. "ఏమ్మా పద్మాక్షీ, ఎవరి సిఫారసుతో వచ్చింది ఈ ఉద్యోగం?" అని. నేను లోపలి గదిలో గుడ్డ పట్టుకుని కూర్చుని వింటున్నాను.

"మా ఆయన వల్లనే వచ్చిందమ్మా," అంది పద్మాక్షి. "ఆ పొద్దు ఆయన నాతో వచ్చుంటే ఇది వచ్చుండేది గాదు."

ఆ మాటలో వెటకారం ఏమైనా ఉందేమోనని చెవి ఒగ్గి విన్నాను. కాస్త ఉన్నా సరే, బయటికి పోయి పోట్లాడేవాణ్ణి, ఆ తరవాత బతిమాలుకునేవాణ్ణి. లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, ఆవిడ వరలక్ష్మమ్మగారిని కాఫీ తాగుతారా అని అడిగింది.